చార్మినారు ఏ సమాసం?

చార్మినారుకు ఉత్తరాన గుల్జార్ హౌజ్ చుట్టూ నాలుగు దిక్కులా నిలిచిన నాలుగు కమాన్లను కలిపి జనం చార్ కమాన్ అంటారు. అక్కడికి కూతవేటు దూరంలో, 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన కట్టడాన్ని చార్మినారు అంటారు. రెండు పేర్లలోనూ మొదటి పదం నాలుగు అనే అర్థమిచ్చే ‘చార్’ కాబట్టి రెండూ ఒకే అచ్చున పోసిన మాటల్లా కనిపిస్తాయి కాని, తెలుగు వ్యాకరణం తూకంలో పెట్టి చూస్తే వీటి అల్లిక ఒకటి కాదు. చార్ కమాన్ అన్నప్పుడు వినేవారి మనసులో మెదిలేవి నాలుగు కమాన్లే, అంతకుమించి మరో వస్తువేదీ లేదు; సంఖ్యను తెలిపే పదం ముందుండి, తరువాతి పదం చెప్పే వస్తువులను లెక్కపెట్టే ఇటువంటి కూర్పును ద్విగు సమాసం అంటారు, నవరత్నాలు అన్న మాట ఈ కోవలోనిదే. చార్మినారు అన్నప్పుడు మాత్రం ఎవరి మనసూ విడివిడిగా నాలుగు మినార్ల మీద ఆగదు, నాలుగు మినార్లు గల ఆ ఒక్క కట్టడం మీదికి పోతుంది. సమాసంలోని రెండు పదాలనూ దాటి మూడో వస్తువును సూచించే ఈ కూర్పు బహువ్రీహి, మూడు కన్నులు గలవాడనే అర్థంలో శివుణ్ణి సూచించే ముక్కంటి వంటిది. పరభాషా పదాలకు సంస్కృత సమాసాల పేర్లు తగిలించడం ఛాందసులకు రుచించకపోవచ్చు కాని, ద్విగువుకూ బహువ్రీహికీ ఉన్న తేడాను ఒకే వీధిలో పక్కపక్కన నిలబెట్టి చూపగలిగిన ఉదాహరణ ఇంతకంటె దొరకడం కష్టం.

పాతబస్తీ పటం చేతబట్టుకుని బయలుదేరితే సమాసాల అధ్యాయంలో సగభాగం కాలినడకనే పూర్తవుతుంది. నయాపూల్ అంటే కొత్తదైన వంతెన, 1578లో కట్టిన పురానాపూల్ అంటే పాతదైన వంతెన. విశేషణం ముందు నిలిచిన ఈ రెండూ విశేషణ పూర్వపద కర్మధారయాలు. అయిదో నిజాం అఫ్జలుద్దౌలా పేరు మీద వెలసిన అఫ్జల్‌గంజ్, అఫ్జల్ యొక్క గంజ్ కనుక, షష్ఠీ తత్పురుషం. మూసీ నది అంటే మూసీ అనే పేరుగల నది, సంభావనా పూర్వపద కర్మధారయం. చిక్కంతా మక్కా మసీదు దగ్గర వస్తుంది. మక్కా అనే పేరుగల మసీదు అని విడదీస్తే అది మూసీ నదికి జోడీ అవుతుంది. మక్కా నుంచి తెచ్చిన మట్టితో చేసిన ఇటుకలు అందులో వాడారన్న ప్రతీతిని మనసులో పెట్టుకుని, మక్కా మట్టితో కట్టిన మసీదు అని విడదీస్తే తృతీయా తత్పురుషం అవుతుంది. ఇలా సమాసాన్ని విడదీసి చెప్పే వాక్యాన్ని విగ్రహవాక్యం అంటారు. సమాసం పేరును నిర్ణయించేది పదాల పైరూపం కాదు, విగ్రహవాక్యమే. ఈ ఒక్క సంగతి పట్టుబడని విద్యార్థి ఎన్ని పట్టికలు వల్లించినా పరీక్షలో కొత్త పదం ఎదురుకాగానే తడబడతాడు.

తడబాటుకు కారణాలు విద్యార్థిలో కంటె అతడు నేర్చుకోవలసిన పేర్లలోనే ఎక్కువగా ఉన్నాయి. మూసీ దక్షిణపు ఒడ్డున హైకోర్టు పొరుగున ఉన్న సిటీ కాలేజీ వంటి చోట్ల, ఒకనాడు మఖ్దూం మొహియుద్దీన్ ఉర్దూ బోధించిన ఆ గోడల మధ్య, చదివే పిల్లల్లో ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు, తరగతిలో ఇంగ్లీషు మాట్లాడేవారు ఎందరో ఉంటారు. పాఠశాలల్లో తెలుగు బోధన తప్పనిసరి చేస్తూ 2018లో తెలంగాణ రాష్ట్రం చట్టం చేసింది కనుక, ఉర్దూ ఇంటిభాషగా గల పిల్లలు కూడా కాలేజీ మెట్లెక్కే ముందే సంధి, సమాసం, విభక్తి అన్న మాటలు వినక తప్పదు. ఆపైన ద్వితీయ భాషగా ఎంచుకున్నది తెలుగయితే ఉపమ, రూపకం, ఉత్పలమాల. ఉర్దూ అయితే తష్‌బీహ్, ఇస్తిఆరా, బహర్. ఏది ఎంచుకున్నా ఇంగ్లీషు పేపరులో సిమిలీ, మెటఫర్, ఐరనీ. వేర్వేరు పేపర్లకు వేర్వేరు గైడ్లు ఉండటంతో, ఈ మూడు వరుసల్లోని పేర్లు తరచు ఒకే వస్తువును మూడు వైపుల నుంచి చూసి పెట్టినవన్న సంగతి విద్యార్థికి ఎవరూ చెప్పరు.

ఈ మూడు వరుసలకూ ఉమ్మడిగా ఉన్న లోపం ఒకటుంది. తెలుగువారి వ్యాకరణ, అలంకార పదాలన్నీ దాదాపు సంస్కృతం నుంచి వచ్చినవి, ఉర్దూవారివి అరబ్బీ నుంచి వచ్చినవి, ఇంగ్లీషువారివి గ్రీకు, లాటిన్‌ల నుంచి వచ్చినవి. ఏ భాషలోనూ ఈ పేర్లు అమ్మ నోట విన్న మాటలు కావు కనుక, పేరు వినగానే అర్థం స్ఫురించే అదృష్టం ఎవరికీ లేదు. చార్మినారు పూర్తి కావడానికి రెండేళ్ళ ముందు, 1589లో, లండన్‌లో అచ్చయిన ఒక అలంకార గ్రంథంలో జార్జి పటెన్‌హామ్ అనే రచయిత ఈ బెడదను తీర్చాలని గ్రీకు పేర్లకు పక్కా ఇంగ్లీషు పేర్లు కల్పించి చూశాడు. అతిశయోక్తికి అతడు పెట్టిన పేర్లలో ఒకటి గట్టిగా అరిచే అబద్ధాలకోరు అన్న అర్థమిచ్చేది. ఆ పేర్లు సొగసుగానే ఉన్నా నిలవలేదు, పండితులు గ్రీకు పేర్లనే పట్టుకున్నారు. తెలుగులోనూ ఇటువంటి పట్టుదల ఒకటి గోలకొండ ప్రాబల్యంలోనే తలెత్తింది: పటాన్‌చెరువు ప్రాంతపు అమీన్‌ఖానుకు అంకితంగా పొన్నికంటి తెలగన రచించిన యయాతి చరిత్ర తొలి అచ్చ తెలుగు కావ్యమని పేరుపొందింది. సంస్కృతం నుంచి రూపం పెద్దగా మారకుండా వచ్చిన పదం తత్సమం, రూపం మారి వచ్చినది తద్భవం, తెలుగు నేలలోనే పుట్టినది దేశ్యం. తత్సమాలను పూర్తిగా వదిలేసి మిగిలిన రెండింటితోనే కావ్యం నడిపించడం అచ్చ తెలుగు నియమం. కావ్యానికి సాధ్యమయిన ఈ నియమం వ్యాకరణానికి సాధ్యపడలేదు. 1858లో వెలువడిన పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం తెలుగు సంగతులనే సూత్రీకరించినా పేర్లలో అధికభాగం సంస్కృతానివే.

పేర్లు పెట్టడమే ఒక శాస్త్రంగా నడిచిన నగరం హైదరాబాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉర్దూ మాధ్యమంలో చదువు చెప్పాలన్న సంకల్పంతో 1917లో ఏర్పడిన దారుల్ తర్జుమా, అంటే అనువాద శాఖ, గణితం నుంచి తర్కం దాకా ప్రతి శాస్త్రానికీ పారిభాషిక పదాలు తయారుచేసింది. పారిభాషిక పదాన్ని ఉర్దూలో ఇస్తిలాహ్ అంటారు. కొత్త పదాలను ఏ పద్ధతిలో పుట్టించాలన్న చర్చ అప్పుడు ఎంత వేడిగా సాగిందంటే, వహీదుద్దీన్ సలీం అనే పండితుడు 1921లో ఆ ఒక్క విషయం మీదనే ఒక పుస్తకం రాసి, ఉర్దూ పుట్టుకచేత ఆర్యభాష కాబట్టి అరబ్బీ పదనిర్మాణ పద్ధతి ఒక్కటే దానికి చాలదని వాదించాడు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ తెలుగు మాధ్యమం కోసం ఇదే పని చేపట్టి పారిభాషిక పదకోశాలు వెలువరించింది. 1943లో పుట్టిన ఆంధ్ర సారస్వత పరిషత్తు, అంటే నేటి తెలంగాణ సారస్వత పరిషత్తు, ప్రవేశ, విశారద వంటి పరీక్షలు పెట్టి, తెలుగు బడులు అరుదైన రోజుల్లో వ్యాకరణాన్నీ ఛందస్సునూ సామాన్య పాఠకుల దాకా తీసుకుపోయింది.

పేర్ల సంఖ్య మొదటి నుంచీ ఇంత లేదు. నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పిన అలంకారాలు నాలుగే: ఉపమ, రూపకం, దీపకం, యమకం. పదహారో శతాబ్దంలో అప్పయ్య దీక్షితుడు కువలయానందం రాసే నాటికి అవి వంద దాటాయి. సంఖ్య పెరిగిన కొద్దీ నేర్పే ఉపాయాలూ పెరిగాయి. అప్పయ్య దీక్షితుడు ఆధారంగా తీసుకున్న జయదేవుని చంద్రాలోకంలో ఒకే శ్లోకంలో మొదటి సగం లక్షణాన్నీ, అంటే నిర్వచనాన్నీ, రెండో సగం దాని ఉదాహరణనూ చెప్పడం పరిపాటి, ఈనాటి చిన్న గైడు పుస్తకాలకు అది తాతవంటిది. అయితే నేర్చుకునేవారికి అంతకంటె పనికివచ్చే ఉపాయం ఓరుగల్లులో పుట్టింది. కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానంలో విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయం సంస్కృత అలంకారశాస్త్ర గ్రంథం. అందులో ఉదాహరణ శ్లోకాలన్నీ ఆ ఒక్క రాజును కీర్తించేవే. రాజును మెప్పించాలన్న కోరిక అందుకు కారణం కావచ్చు కాని, బోధనకు అది వరంగా పరిణమించింది: వర్ణించే వస్తువు మారకుండా నిలిచి, చెప్పే తీరు ఒక్కటే మారుతూ పోతే, రెండు అలంకారాల మధ్య తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఒక్కో అలంకారానికి ఒక్కో కవి పద్యాన్ని ఏరితెచ్చే నేటి పాఠ్యపుస్తకాల్లో దొరకనిది ఇదే. అక్కడ వస్తువూ, భాషా, కాలమూ, అలంకారమూ అన్నీ ఒకేసారి మారిపోతాయి కనుక దేనివల్ల దేనికి ఏ పేరు వచ్చిందో విద్యార్థికి అంతుపట్టదు.

ప్రతాపరుద్రుని స్థానంలో పాతబస్తీ విద్యార్థి మూసీ నదిని పెట్టుకోవచ్చు. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరద రెండు ఒడ్లనూ ఊడ్చుకుపోయిన సంగతి నగరంలో తరతరాలుగా చెప్పుకుంటున్నదే. ఆ వరదను గురించి, మూసీ కాళసర్పంలా ఊరిని చుట్టింది అని రాస్తే అది ఉపమాలంకారం. వర్ణించబడే మూసీ ఉపమేయం, పోలికకు తెచ్చిన కాళసర్పం ఉపమానం, రెండింటికీ ఉమ్మడిగా ఉన్న చుట్టడం అనే గుణం సమానధర్మం, పోలికను తెలిపే ‘లా’ ఉపమావాచకం. నాలుగూ ఉన్నాయి కనుక ఇది పూర్ణోపమ, వీటిలో ఏది లోపించినా లుప్తోపమ. ఉర్దూ చదివే విద్యార్థి ఇదే వాక్యాన్ని తష్‌బీహ్ అంటాడు, మూసీని ముషబ్బహ్ అనీ, సర్పాన్ని ముషబ్బహ్ బిహీ అనీ, ఉమ్మడి గుణాన్ని వజ్‌హె షబహ్ అనీ, ‘లా’ అన్న ప్రత్యయాన్ని హర్ఫె తష్‌బీహ్ అనీ విడదీస్తాడు. బాగ్దాదులోనూ కాంచీపురంలోనూ ఎవరికి వారు పోలికను కోసి చూసినా అవే నాలుగు ముక్కలు తేలడం ఆశ్చర్యమే. ఒక భాషలో ఈ విభజన వంటబట్టిన పిల్లవాడికి రెండో భాషలో నేర్చుకోవలసినవి పేర్లే తప్ప విషయం కాదు.

పోలిక ఇంత సాఫీగా సాగిందని ధైర్యపడి రూపకం, ఇస్తిఆరా, మెటఫర్ ఒకటేనని రాసుకున్నవారు మాత్రం దెబ్బతింటారు. ఆ రోజు మూసీ కాళసర్పమే అన్న వాక్యంలో పోలికను తెలిపే పదం లేదు, నదికీ పాముకూ భేదమే లేదన్నట్టు చెప్పడం ఉంది. ఉపమేయ ఉపమానాలకు అభేదం చెప్పే ఈ పద్ధతి తెలుగులో రూపకం. అరబ్బీ సంప్రదాయాన్ని అనుసరించే ఉర్దూ శాస్త్రంలో ఇది ఇంకా తష్‌బీహ్ గడప దాటలేదు. పోలిక పదాన్నీ ఉమ్మడి గుణాన్నీ వదిలేసినందున దీన్ని తష్‌బీహె బలీగ్ అంటారు, అంటే మరింత గాఢమైన తష్‌బీహ్ అన్నమాట. మూసీ పేరెత్తకుండా, కాళసర్పం అఫ్జల్‌గంజ్‌ను చుట్టేసింది అని రాసినప్పుడే అది ఇస్తిఆరా అవుతుంది. ఉపమేయాన్ని పూర్తిగా మింగేసి ఉపమానాన్ని మాత్రమే చెప్పే ఈ తీరును తెలుగు అలంకారికులు అతిశయోక్తి భేదాల్లో చేర్చి రూపకాతిశయోక్తి అన్నారు. ఇంగ్లీషు మెటఫర్ ఈ రెండు వాక్యాలనూ ఒకే గాటన కట్టేస్తుంది. ముగ్గురు దర్జీలు ఒకే తాను గుడ్డను మూడు చోట్ల కత్తిరించారు. ముక్కలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోకపోతే తప్పు విద్యార్థిది కాదు. చదివేవాడు దాన్ని నిజం పాము అనుకోకుండా ఆపే సందర్భాన్ని ఉర్దూలో ఖరీనా అంటారు, నేరుగా వచ్చే అర్థం పొసగకపోవడాన్ని సంస్కృతంలో ముఖ్యార్థబాధ అంటారు. ఈ రెండు మాటలూ ఒకే చోటు మీద వేలు పెడుతున్నాయి, ఇక్కడ మాత్రం పేర్లు వేరయినా కోత ఒకటే.

పేర్లలో దాగిన ఊహ కూడా చూడదగ్గది. మెటఫర్ అన్న గ్రీకు మాటకు మోసుకుపోవడమనీ, ఇస్తిఆరా అన్న అరబ్బీ మాటకు అరువు తెచ్చుకోవడమనీ, రూపకానికి రూపం తొడగడమనీ అర్థాలు. ఒకరికి అది రవాణా, ఒకరికి అరువు, ఇంకొకరికి వేషం.

ఉన్నదానికంటె ఎక్కువ చేసి చెప్పడం అతిశయోక్తి అని తెలుగు పుస్తకాలు సాధారణంగా ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. ఉర్దూ పుస్తకాలు దీన్ని ముబాలగా అని పిలిచి, మూడు మెట్లుగా విడదీస్తాయి: బుద్ధికీ లోకానుభవానికీ రెండింటికీ సాధ్యమయిన అతిశయం తబ్లీగ్, బుద్ధి ఒప్పుకున్నా లోకంలో జరగనిది ఇగ్రాఖ్, రెండూ ఒప్పుకోనిది గులూ. వరదకు బజార్లో పడవలు తిరిగాయంటే మొదటిది, నీరు చార్మినారు పై అంతస్తును తాకిందంటే రెండోది, ఆ నీటికి ఆకాశంలో చుక్కలు తడిశాయంటే మూడోది. కూర్పు పేపరులో వ్యాసం రాసేవారికి అలంకారం పేరు కంటె ఈ మెట్ల లెక్క ఎక్కువ మేలు చేస్తుంది, ఎందుకంటే సామాన్య వ్యాసం మొదటి మెట్టును హాయిగా భరిస్తుంది, రెండోదాన్ని అప్పుడప్పుడు భరిస్తుంది, మూడోదాన్ని భరించలేదు. ఇక చార్మినారును దగ్గరగా చూడాలని కాబోలు మూసీ ఒడ్డు దాటి వచ్చింది అని రాస్తే, లేని కారణాన్ని ఊహించి చెప్పడం వల్ల అది హేతూత్ప్రేక్ష. ఉర్దూలో దీనికి హుస్నె తాలీల్, అంటే అందమైన కారణం చెప్పడం, అని పేరు. ఉత్ప్రేక్ష అన్న బరువైన మాట వినగానే బెదిరిపోయే పిల్లలు హుస్నె తాలీల్ అన్న పేరుతో పరిచయం చేస్తే ఇట్టే గుర్తుపడతారు. ఎరిగిన మాట నుంచి ఎరగని మాటకు నడిపించడానికి తెలుగు అధ్యాపకులు ఉర్దూ పేర్లను కూడా బల్ల మీద రాయడంలో నామోషీ ఏమీ లేదు.

వ్యాకరణ పరిభాషలో ఇటువంటి రంజు తక్కువ కాబట్టి వేగంగా సాగిపోవచ్చు కాని, ఒక తేడాను గమనించాలి. కొన్ని సంధులు నోటిలో బతికున్నాయి, కొన్ని పుస్తకంలో మాత్రమే ఉన్నాయి. బజారు అంతా అన్న రెండు మాటలను ఎవరూ విడదీసి పలకరు, బజారంతా అనే అంటారు. పారశీకం నుంచి వచ్చిన మాటయినా చివర ఉకారం తగిలించుకుని తెలుగు పదమయ్యాక ఉత్వసంధికి లొంగక తప్పలేదు. వాడు పోయె అన్నది వాడు వోయె కావడమనే గసడదవాదేశ సంధి నేటి మాటల్లో వినబడదు, కాబట్టి దాన్ని పద్యాల్లో చూసి గుర్తుపెట్టుకోవలసిందే. ఆదేశం, ఆగమం అన్న పేర్ల తేడా మాత్రం తెలుగు తరగతుల్లో తరతరాలుగా నడుస్తున్న పోలికతోనే తేలిగ్గా పట్టుబడుతుంది: ఉన్న అక్షరాన్ని వెళ్ళగొట్టి దాని చోట కూర్చునే ఆదేశం శత్రువు వంటిది, ఎవరినీ కదపకుండా పక్కకు వచ్చి చేరే ఆగమం మిత్రుని వంటిది. కాలాల విషయంలో ఇంగ్లీషు వ్యాకరణం నేర్పిన మూడు గదులు తెలుగుకు సరిపోవు. అతడు కాలేజీకి వెళ్తాడు అన్న వాక్యం రేపటి సంగతీ కావచ్చు, రోజూ జరిగే అలవాటూ కావచ్చు. అలవాటునూ స్వభావాన్నీ తెలిపే రూపాన్ని చిన్నయసూరి తద్ధర్మ కాలం అని వేరుగా లెక్కించాడు. జామియా నిజామియా వంటి మదర్సాల్లో అరబ్బీ నేర్చినవారికి ఇది వింతేమీ కాదు, వర్తమానాన్నీ భవిష్యత్తునూ ఒకే రూపంతో చెప్పే ముజారె అనే క్రియారూపం వారు మొదటి సంవత్సరంలోనే చదువుతారు.

జవాబు పత్రంలో అలంకారాన్ని గుర్తించమన్న ప్రశ్నకు పేరు ఒక్కటే రాస్తే సగం పనే జరిగినట్టు. లక్షణం చెప్పి, ఇచ్చిన పాదంలో ఏది ఏమిటో విడదీసి, ఆ లక్షణం ఇక్కడ ఎలా పొసగిందో చూపడాన్ని లక్ష్య లక్షణ సమన్వయం అంటారు, లక్ష్యమంటే ఉదాహరణ. గైడ్లలో లక్షణాలు అచ్చంగా దొరుకుతాయి, సమన్వయం మాత్రం దొరకదు, అది ప్రతి కొత్త వాక్యానికీ కొత్తగా పుట్టాలి. కాబట్టి మూసీ వరద వంటి ఒక్క వస్తువును తీసుకుని, పది అలంకారాల్లో పది సొంత వాక్యాలు రాసి, ఒక్కోదాని కింద సమన్వయం రాసుకున్న విద్యార్థి వంద బట్టీ నిర్వచనాలకు సమానమైన పని చేసినట్టు. కూర్పు రాసే సత్తా కూడా అక్కడే కుదురుకుంటుంది. ఒక సంప్రదాయపు పరిభాషలో పెరిగినవారు మరో సంప్రదాయంలో పరాయివారయిపోతారన్న భయానికి హైదరాబాదు చరిత్రలోనే జవాబుంది: చాదర్‌ఘాట్ కాలేజీలో ఇంటర్మీడియటూ, ఉస్మానియాలో బి.ఏ.యూ ఉర్దూ మాధ్యమంలో చదివిన సి. నారాయణరెడ్డి ఆధునిక తెలుగు కవిత్వపు సంప్రదాయాలూ ప్రయోగాల మీద పరిశోధన గ్రంథం రాశారు, తెలుగులో గజళ్ళు రాశారు, 1988 సంవత్సరానికి జ్ఞానపీఠ పురస్కారం అందుకున్నారు.

ఛందస్సు అధ్యాయం చాలామందిని భయపెడుతుంది కాని, అందులో తర్కం అన్నిటికంటె సరళం. పలకడానికి ఒక మాత్ర కాలం పట్టే అక్షరం లఘువు, రెండు మాత్రలు పట్టేది గురువు. మూడేసి అక్షరాల గుంపులు ఎనిమిది గణాలు. యమాతారాజభానసలగం అన్న ఒక్క మాట గుర్తుంటే ఎనిమిదీ గుర్తున్నట్టే, ఎందుకంటే ఏ గణం కావాలో ఆ అక్షరంతో మొదలుపెట్టి పక్కనున్న రెండక్షరాలు కలిపి చదివితే దాని రూపం తెలుస్తుంది: యమాతా అంటే లఘువు, గురువు, గురువు, అదే యగణం. ఎనిమిదో శతాబ్దంలో బస్రాలో ఖలీల్ ఇబ్న్ అహ్మద్ రూపొందించిన అరూజ్ శాస్త్రం గణాలను అక్షరాలతో కాక నమూనా పదాలతో గుర్తుపెట్టుకుంది. ఫఊలున్ అన్న నమూనా పదాన్ని విడదీస్తే ఫ లఘువు, ఊ గురువు, లున్ గురువు, అంటే సాక్షాత్తు యగణం. నాలుగు యగణాల పాదాన్ని తెలుగువారు భుజంగప్రయాతం అంటారు, నాలుగు ఫఊలున్‌ల పాదాన్ని ఉర్దూవారు ముతఖారిబ్ అంటారు. పేర్లు పక్కకు పెట్టి చెవి ఒగ్గితే రెండింటి నడకా ఒక్కటే. ఫిరదౌసీ షానామా నడిచినది ఈ ముతఖారిబ్ లోనే, చివరి గణంలో ఒక అక్షరం తగ్గించుకుని. ఇక్కడా కపట మిత్రులున్నారు. యతి అంటే సంస్కృతంలో పాదం నడుమ ఆగే విరామం, తెలుగులో పాదం మొదటి అక్షరానికి నిర్ణీత స్థానంలో కుదరవలసిన అక్షరమైత్రి. ఉత్పలమాలలో ఆ స్థానం పదోది, చంపకమాలలో పదకొండోది. ప్రాస అనగానే గజల్ ఎరిగిన పిల్లలు ఖాఫియాను తలుచుకుంటారు కాని, తెలుగు ప్రాస పాదం చివర కాదు, రెండో అక్షరంలో ఉంటుంది. ఖాఫియాకు దగ్గరి చుట్టం అంత్యప్రాస.

ఇక చార్మినార్ అన్న పేరును పొల్లుతో పలికి గణవిభజన చేస్తే, తెలుగు లెక్కలో చార్ ఒక గురువు, మి ఒక లఘువు, నార్ ఒక గురువు, వెరసి రగణం. ఉర్దూ అరూజ్ చార్ వంటి దీర్ఘం మీద హల్లు కూడిన మాటను గురువు ఒక్కటిగా లెక్కించదు, చా గురువుగానూ, మిగిలిన ర్ ఒక లఘువుగానూ తీసుకుంటుంది. పాదం చివర మిగిలే పొల్లును మాత్రం లెక్కలోకి తీసుకోదు. పైగా ఉర్దూలో ఆ పేరు చార్‌మీనార్, అందులో మీ దీర్ఘం, కాబట్టి అది ఉర్దూ పాదం చివర గురువు, లఘువు, గురువు, గురువుగా సాగి ఫాఇలాతున్ అనే నమూనాలో కూర్చుంటుంది. మదీనా సర్కిల్ దగ్గర బస్సు కండక్టరు ఆ పేరును ఏ లెక్కన అరుస్తాడో చెవులు రిక్కించి వినవలసిందే. తెలుగు పేపరులో మాత్రం రగణమనే రాయాలి, ఉర్దూ పేపరులో రాస్తే మార్కులు పోతాయి.